వీడియో కోచ్‌లో క్లైమాక్స్ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సగంసినిమా
మొన్న శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడకి స్లీపర్ బస్సులో వచ్చాను. పక్క బెర్తు కుర్రాడు పన్నెండున్నర దాకా స్పీకర్ పెట్టి రీల్స్ చూశాడు. ఒక్కోటి పదిహేను సెకన్లు. పాట మొదలవుతుంది, తెగిపోతుంది, ఎవడో పగలబడి నవ్వుతాడు, ఇంకో పాట. దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకుంటే, బస్సులో టీవీ పెట్టి అందరికీ ఒకే సినిమా వేసే వీడియో కోచ్ రోజులు గుర్తొచ్చాయి.

1997 నుంచి 2001 దాకా నా ఇంజనీరింగ్ హైదరాబాద్‌లోనే. నెలకోసారి లక్డీకాపూల్‌లో ట్రావెల్స్ బస్సు ఎక్కేవాణ్ణి. వెనక అద్దం మీద ఎర్రక్షరాలతో ‘వీడియో కోచ్’ అని ఉంటేనే ఎక్కడం. నాకెప్పుడూ వెనక సీట్లే దొరికేవి, అక్కణ్ణుంచి టీవీ అగ్గిపెట్టెంత కనిపించేది. అయినా మెడ సాచుకుని చూసేవాణ్ణి. నాలుగేళ్ళలో తక్కువలో తక్కువ నలభై సినిమాలు చూసుంటాను. ఒక్కదానికీ ముగింపు తెలీదు.

ఒకటి మాత్రం ఇప్పటికీ వదల్లేదు నన్ను. విలన్ హీరో చెల్లెల్ని గోడౌన్‌లో స్తంభానికి కట్టేశాడు. చుట్టూ పెట్రోలు పీపాలు. హీరో లారీతో గేటు గుద్దుకుంటూ లోపలికొచ్చాడు. టీవీ ఆగిపోయింది. పాతికేళ్ళయింది, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

మీలో ఎవరైనా చివరిదాకా చూశారా? చూస్తే ఏ రూట్లో?

బెంజిసర్కిల్
గోడౌన్, చెల్లెలు, పీపాలు, లారీ. అన్నా, ఆ పదేళ్ళలో వచ్చిన సినిమాలన్నిటి కథా చెప్పేశావు.

ఓరుగల్లు_పోరడు
మాది హైదరాబాద్–హనుమకొండ. నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. పగటి బస్సే. ఉప్పల్ దాటినంక పెడితే కాజీపేట వచ్చేసరికి సరిగ్గా ఫైటింగు పడేది. అందరం దిగకుండ కూర్చుంటే కండక్టర్ వచ్చి ‘సినిమా చూసుడు అయితే థియేటర్ల చూడుండ్రి’ అని దించిండు. ఒక్కసారి కూడ శుభం కార్డు చూడలే.

లెక్కలమాస్టారు
హనుమకొండ సంగతి అర్థమయింది. కానీ సగంసినిమా గారి మాట నాకు కుదరడం లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. నాలుగు లైన్లు రాకముందు, అంటే అది ఇంకా 9వ నంబరు హైవేగా ఉన్నప్పుడు, ఆరు గంటలు పట్టేది. తెలుగు సినిమా రెండూ నలభై. ఆరు గంటల్లో రెండూ నలభై ఎందుకు పట్టదు? మీరు నిద్రపోయి ఉంటారు.

సగంసినిమా
మాస్టారూ, నిద్రపోలేదు. ఒట్టు. ప్రతిసారీ ఆపేసేవాళ్ళు.

మూడోనంబరుసీటు
మీ అందరికీ ఇది తీపి జ్ఞాపకం అయినందుకు సంతోషం. నావైపు నుంచి కూడా చెప్తాను.

2004 నుంచి మూడేళ్ళు శనివారం రాత్రి ఊరికి, ఆదివారం రాత్రి వెనక్కి. ఒంటరి ఆడపిల్ల అని ముందు సీటు ఇచ్చేవాళ్ళు. ముందు సీటంటే సరిగ్గా టీవీ కింద. మెడ పైకెత్తి చూడలేను, చూడకుండా ఉండలేను. స్పీకర్ నా నెత్తి మీద. రాత్రి పదకొండింటికి కత్తులు, సుమోలు, ‘రేయ్’ అనే కేకలు. సౌండు తగ్గించమంటే వెనకనుంచి పదిమంది ‘మాకు వినపడదు మేడమ్’. సోమవారం పొద్దున్నే ఆఫీసులో డెస్కు మీద తల పెట్టి పడుకునేదాన్ని. చెవుల్లో దూదికి బదులు చున్నీ కొస చుట్టి పెట్టుకున్న రోజులున్నాయి.

మీకు క్లైమాక్స్ లేదని బాధ. నాకు అది మొదలవడమే బాధ. ఇయర్‌ఫోన్స్ కనిపెట్టినవాడికి దణ్ణం.

బెంజిసర్కిల్
మేడమ్, ఆ ‘మాకు వినపడదు’ అన్న పదిమందిలో నేనూ ఉండుంటాను. క్షమించండి.

మూడోనంబరుసీటు
ఉన్నారు. గొంతు గుర్తుంది 😄

స్టెప్నీ
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఈ టాపిక్ చూశాక ఆగలేకపోయాను. 1996 నుంచి 2003 దాకా ట్రావెల్స్ బస్సుల్లో క్లీనర్‌గా చేశాను. ముందు విజయవాడ రూటు, తర్వాత నెల్లూరు. ఆ టీవీ ఆపిన చెయ్యి నాదే.

మాస్టారి అనుమానం న్యాయమైనదే. లక్డీకాపూల్‌లో పదింటికి బస్సు కదిలినా అక్కడే సినిమా వేయకూడదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, చివరికి హయత్‌నగర్‌లో ఎక్కేవాళ్ళుంటారు. ముందే వేస్తే వాళ్ళు ఎక్కి ‘మొదట్నుంచి వెయ్యి’ అంటారు. మేం కూడా డబ్బులిచ్చాం కదా అంటారు. అది న్యాయమే. అందుకని హయత్‌నగర్ దాటాకే క్యాసెట్ పెట్టేది. పదకొండు అయ్యేది.

తర్వాత సూర్యాపేటలో టీ. అక్కడ డ్రైవర్ ఇంజన్ ఆపుతాడు. బస్సు బ్యాటరీ 24 వోల్టులు, వీసీపీకీ (క్యాసెట్ ఆడించే పెట్టె) టీవీకీ 230 కావాలి, మధ్యలో ఇన్వర్టర్. ఇంజన్ ఆపి టీవీ నడిపితే బ్యాటరీ దిగిపోతుంది. ఒకసారి నేను ఎవరో బతిమాలారని నడవనిచ్చాను. టీ తాగి వచ్చాక బస్సు స్టార్ట్ కాలేదు. అర్ధరాత్రి ప్యాసింజర్ల చేత తోయించాం. ఓనర్ నా జీతంలో కోశాడు. అప్పట్నుంచి సూర్యాపేట బోర్డు కనపడగానే స్విచ్ మీద చెయ్యి.

లెక్కలమాస్టారు
ఆగండి ఆగండి. హయత్‌నగర్ నుంచి సూర్యాపేట 120 లోపు. రెండు లైన్ల రోడ్డు, లారీల వెనక గంటకి యాభై అనుకుందాం. రెండు గంటల ఇరవై నిమిషాలు. సినిమా రెండూ నలభై. అంటే సూర్యాపేట వచ్చేసరికి ఖచ్చితంగా చివరి ఇరవై నిమిషాలు మిగులుతాయి.

ఆ చివరి ఇరవై నిమిషాల్లో ఏముంటుంది? గోడౌన్.

బెంజిసర్కిల్
మాస్టారూ 🙏 పాతికేళ్ళ మిస్టరీ భాగాహారంతో తేల్చేశారు. తెలుగు సినిమా క్లైమాక్సులన్నీ సూర్యాపేటలో ఉన్నాయన్నమాట.

సగంసినిమా
నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. ఇడ్లీ ప్లేటు పట్టుకుని నిలబడి బస్సు కిటికీలోంచి నల్లటి టీవీ వైపు చూడడం గుర్తుంది.

కానీ స్టెప్నీ గారూ, టీ అయ్యాక మళ్ళీ వేయొచ్చు కదా?

స్టెప్నీ
వేయాలి. కానీ టీ తాగాక జనం రెండు పార్టీలు. ముందు మూడు వరసలు ‘ఇక ఆపవయ్యా పడుకుంటాం’. వెనక కుర్రాళ్ళు ‘వెయ్యి’. మధ్యలో ఉన్నవాళ్ళు అప్పటికే గురక. ఇక డ్రైవర్ మాటే చివరి మాట. లోపలి అద్దంలో టీవీ వెలుగు ఆడుతుంటే రెండింటి తర్వాత ఆయనకి కళ్ళు లాగేవి. నూటికి ఎనభై సార్లు ఆయన వద్దనేవాడు.

ఇంకో సంగతి. క్యాసెట్ రోజుల్లో కనీసం ఆపిన చోట నుంచే మొదలయ్యేది, టేపు ఎక్కడ ఆగితే అక్కడే ఉంటుంది. 2000 దాటాక ఓనర్లు సీడీ ప్లేయర్లు పెట్టారు. మా బస్సులో దానికి కరెంటు పోతే అంతే, మళ్ళీ పేర్లు పడే చోటికి వెళ్ళిపోతుంది. రిమోట్‌తో ముందుకి తోయాలి. రిమోట్ ఎప్పుడూ పోయే ఉంటుంది. దానికితోడు ఒక సీడీలో గంటా పదిహేను నిమిషాలే పడుతుంది. సినిమాకి రెండు, పెద్ద సినిమా అయితే మూడు. రెండో సీడీ మీద గీతలు.

ఉప్పాడ
గీతలు కూడా కాదు, అసలు రెండో సీడీ ఉండేదే కాదు. ఒకసారి కాకినాడ బస్సులో అడిగితే ‘అది ముందు బస్సులో ఉంది సార్, హోటల్ దగ్గర కలుస్తాడు’ అన్నాడు. హోటల్ దగ్గర కలవలేదు.

స్టెప్నీ
అది నిజం. ఒకే ఓనరు రెండు బస్సులకి ఒక సెట్టు కొనేవాడు. ముందు బస్సు మొదటి సీడీ చూసి హోటల్ దగ్గర వెనక బస్సుకి ఇవ్వాలి. వెనక బస్సు ఆలస్యమైతే రెండు బస్సులకీ సగమే.

టెంటుహాలు
ఇది కొత్తేం కాదు బాబూ. మా చిన్నప్పుడు రెండూళ్ళ హాళ్ళకి కలిపి ఒకే ప్రింటు. ఇక్కడ ఆడిన రీలు డబ్బాలో పెట్టుకుని కుర్రాడు సైకిల్ మీద అక్కడికి. దారిలో వాడి సైకిల్ పంక్చర్ అయితే అక్కడ జనం ఈలలు. మా ఊళ్ళో రీలు రాలేదని అరగంట అనుకోని ఇంటర్వెల్ ఇచ్చిన రోజు మిరపకాయ బజ్జీలవాడికి పండగ.

మూడోనంబరుసీటు
స్టెప్నీ గారూ, మీరు టీవీ మీద తువ్వాలు వేసేవాళ్ళలో ఒకరా? నేను ఎక్కే బస్సులో ఒక క్లీనర్ అబ్బాయి వాన పాట రాగానే లేచొచ్చి భుజం మీద తువ్వాలు టీవీ మీద కప్పేసేవాడు. పాట వినపడుతూనే ఉండేది. వెనక నుంచి తిట్లు. పాట అయిపోగానే తీసేవాడు. ఎప్పుడు అయిపోతుందో అతనికి సెకన్లతో సహా తెలుసు.

స్టెప్నీ
అందరం వేసేవాళ్ళం మేడమ్. ముందు సీట్లలో ఫ్యామిలీలు ఉంటే ఓనర్ ఆర్డర్. కానీ తువ్వాలు పల్చనిది.

ఓరుగల్లు_పోరడు
😂😂 తువ్వాలు పల్చనిది

కుర్రకుంక_2002
నేను 2002లో పుట్టాను. మీరంతా చెప్పేది పురాణంలా ఉంది. ఒక డౌటు: బస్సు గోతుల్లో పడితే క్యాసెట్ ఆగేది కాదా?

స్టెప్నీ
ఆగదు తమ్ముడూ, బొమ్మ గీతలు పడుతుంది. వీసీపీ లోపల నిమిషానికి 1500 సార్లు తిరిగే డ్రమ్ము ఉంటుంది, దాని మీదున్న హెడ్ టేపుని చదువుతుంది. బస్సు ఎగిరినప్పుడల్లా అది టేపు మీద దారి తప్పుతుంది. అందుకే వీసీపీ కింద స్పాంజి పరుపు, పైన సైకిల్ ట్యూబు కోసి కట్టిన బెల్టు. టీవీకి ఇనప పంజరం, తాళం. దుమ్ము పట్టి బొమ్మ మొత్తం మంచు కురిసినట్టయితే మూత విప్పి స్పిరిట్‌లో ముంచిన తెల్లకాగితం హెడ్‌కి ఆనించి తిప్పడమే. ఆ పని కదులుతున్న బస్సులో, నోట్లో టార్చిలైటు పెట్టుకుని చేసేవాణ్ణి. చిల్లకల్లు దగ్గర ఒక వంతెన ముందు పెద్ద గొయ్యి ఉండేది, అది వచ్చే ముందు డ్రైవరే ‘ఒరే పట్టుకో’ అని అరిచేవాడు. నేను రెండు చేతులతో వీసీపీని పట్టుకునేవాణ్ణి, పసిపిల్లాడిని పట్టుకున్నట్టు.

ప్లేనోపెద్దన్న
చదువుతూ ఆఫీసులో నవ్వుతున్నాను, పక్కవాళ్ళు చూస్తున్నారు. ఒక మాట చెప్పనా, మొదటిసారి 1996లో అమెరికా వచ్చినప్పుడు విమానంలో కూడా ఇదే పరిస్థితి. క్యాబిన్ ముందు గోడకి ఒకే తెర, అందరికీ ఒకే సినిమా. నా ముందు సీట్లో ఆరడుగుల ఆయన. సినిమా మొత్తం ఆయన చెవి పక్కనుంచే చూశాను. సీటు వెనకాల ఎవరి తెర వాళ్ళకి ఇవ్వడం 1988లోనే ఒక అమెరికన్ కంపెనీ మొదలుపెట్టిందట, మన ఎకానమీ క్లాసు దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు ఎవరి తెర వాళ్ళకుంది. ఏం లాభం? పోయిన సంక్రాంతికి వస్తూ దోహాలో ఎక్కి సినిమా పెట్టుకున్నాను. మధ్యలో భోజనం, కునుకు. హీరో సరిగ్గా అసలు హంతకుడి ముసుగు లాగుతున్నాడు, ‘శంషాబాద్‌లో దిగబోతున్నాం’ అని అనౌన్స్‌మెంట్, తెర ఆగింది. మళ్ళీ ఆన్ చేస్తే మ్యాపులో చిన్న విమానం బొమ్మ.

బెంజిసర్కిల్
అంటే శంషాబాద్ ఇంటర్నేషనల్ సూర్యాపేట.

సగంసినిమా
బెంజిసర్కిల్ గారికి ఈ త్రెడ్‌లో ఇప్పటిదాకా బెస్ట్ కామెంట్ అవార్డు.

ఉప్పాడ
మనవాళ్ళకి ఎవరి తెర వాళ్ళకిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2017 మేలో ముంబై–గోవా తేజస్ రైలు మొదలైనప్పుడు సీటుకో స్క్రీను పెట్టారు. మొదటి ట్రిప్పులోనే హెడ్‌ఫోన్లు మాయం, స్క్రీన్ల మీద గీతలు. పంజరం, తాళం ఉన్న వీడియో కోచే నయం.

నేను మాత్రం రైలు మనిషిని. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది, అందులో ఎవరూ సినిమా వేయలేదు, అయినా ఎవరికీ బోర్ కొట్టలేదు. రాజమండ్రి బ్రిడ్జి మీద నాణెం వేయడానికి కిటికీ పక్క సీటు కోసం జరిగే యుద్ధం చాలు.

మూడోనంబరుసీటు
ఉప్పాడ గారూ, ఇప్పుడు ఆ రైల్లో కూడా రాత్రి పన్నెండింటికి స్పీకర్లో సీరియల్. 2022 జనవరిలో రైల్వేవాళ్ళు రాత్రి పది దాటాక గట్టిగా పాటలు పెట్టకూడదు, ఫోన్లో గట్టిగా మాట్లాడకూడదు అని చెప్పారు. ఒకాయనకి అదే చెప్తే ‘నేను పాటలు పెట్టలేదమ్మా, ప్రవచనం’ అన్నారు.

ఎలక్ట్రానిక్‌సిటీ
కర్ణాటక ఆర్టీసీ 2021లోనే బస్సుల్లో ఫోన్ స్పీకర్ పెట్టకూడదని ఆర్డర్ ఇచ్చింది. పాటించేది తక్కువే. కానీ ఒక ఉపయోగం ఉంది, కండక్టర్‌కి చెప్తే ఆయనకి అనడానికి ఒక ఆధారం ఉంటుంది. లేకపోతే మనమే గొడవ పెట్టుకున్నట్టు కనిపిస్తాం.

టెంటుహాలు
నేను ఒప్పుకోను. అప్పుడు ఒక్క టీవీ నలభై మందిని విసిగించింది. ఇప్పుడు నలభై ఫోన్లు ఒకరినొకరు విసిగిస్తున్నాయి. తేడా ఏమిటంటే అప్పుడు తిట్టుకోవడానికి క్లీనర్ ఉండేవాడు.

మూడోనంబరుసీటు
తేడా అది కాదండీ. ఇప్పుడు నేను ‘బాబూ ఇయర్‌ఫోన్స్ పెట్టుకో’ అంటే పదిలో ఆరుగురు పెట్టుకుంటారు. అప్పుడు పదిమందికి చెప్పినా ఒక్కరూ వినలేదు, ఎందుకంటే అది ‘సౌకర్యం’. టిక్కెట్టు మీద రాసుంది, దానికి డబ్బులు తీసుకున్నారు. నేను వద్దంటే వాళ్ళ సౌకర్యం కాజేసినట్టు.

టెంటుహాలు
అది కరెక్టేనమ్మా. ఒప్పుకున్నాను.

కుర్రకుంక_2002
మాకూ క్లైమాక్స్ పోతుంది అంకుల్స్. శ్రీశైలం బస్సులో ఓటీటీలో చూస్తుంటే మన్ననూరు దాటగానే సిగ్నల్ పోయింది. తెర మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది, దోమలపెంట దాకా. రాత్రి తొమ్మిది తర్వాత చెక్‌పోస్టు దగ్గర బళ్ళు వదలరు కాబట్టి పగలే వెళ్ళాం, కనీసం అడవి చూశాను. నెమలి కనపడింది.

ప్లేనోపెద్దన్న
డౌన్‌లోడ్ చేసుకోవాలి నాన్నా.

కుర్రకుంక_2002
చేశాను. 97 శాతం దగ్గర ఆగింది.

లెక్కలమాస్టారు
రెండూ నలభైలో మూడు శాతం అంటే ఐదు నిమిషాలకి కాస్త తక్కువ. అదీ క్లైమాక్సే.

ఓరుగల్లు_పోరడు
మాస్టారు గీ త్రెడ్ మీద పీహెచ్‌డీ చేస్తుండు.

సగంసినిమా
స్టెప్నీ గారూ, చివరిగా ఒక ప్రశ్న. నూటికి ఎనభై సార్లు ఆపేవాళ్ళం అన్నారు. మిగతా ఇరవై సార్లు నడిచింది కదా. మీరైతే క్లైమాక్సులు చాలా చూసుంటారు?

స్టెప్నీ
ఒక్కటీ చూడలేదు సార్.

టీ తర్వాత క్లీనర్ క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చోవాలి. రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆయనకి నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉండడమే నా డ్యూటీ. పెళ్ళాం పిల్లల సంగతులు, ఊళ్ళో గొడవలు, ఏదో ఒకటి. మాటలు అయిపోతే వక్కపొడి, అది కూడా అయిపోతే సోడా మూత తీసి చేతికివ్వడం. టీవీ నా వీపు వెనక, మధ్యలో అద్దం తలుపు. బొమ్మ కనపడదు, సౌండు మాత్రం వస్తుంది. ఒక క్యాసెట్ నెలా రెండు నెలలు నడిచేది. దాంతో క్లైమాక్సులన్నీ నాకు నోటికి వచ్చు, చూడ్డం రాదు. తర్వాత కొన్ని టీవీలో వేశారు. నేను గొంతులు విని ఊహించుకున్న మొహాలు వేరు, అక్కడ ఉన్నవి వేరు. ఛానల్ మార్చేశాను.

మూడోనంబరుసీటు
స్టెప్నీ గారూ, మూడేళ్ళు మిమ్మల్ని (మీలాంటివాళ్ళని) మనసులో తిట్టుకున్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

స్టెప్నీ
సగం చాలు మేడమ్. సగంసినిమా సార్, మీ లారీ సినిమా నాకు తెలుసు. గేటు విరిగిన చప్పుడు, తర్వాత విలన్ నవ్వు, తర్వాత చాలాసేపు గొలుసుల చప్పుడు. అదేనా?

సగంసినిమా
గొలుసులు నేను చూడలేదు. కానీ విలన్ నవ్వు దగ్గరే ఆగింది. అదే. పీపాలు పేలాయా?

స్టెప్నీ
పేలాయి. మొత్తం మూడు. అద్దం తలుపు కూడా అదిరేది.

లెక్కలమాస్టారు
పిల్ల?

స్టెప్నీ
మూడో పీపా తర్వాత ఆడగొంతుతో ‘అన్నయ్యా’ అని వినపడుతుంది. తర్వాత ఏడుపు, వయొలిన్లు. అప్పటికి మునగాల దాటుతుంటాం.

సగంసినిమా
మూడో పీపా తర్వాతే కదా? ముందు కాదు కదా?

స్టెప్నీ
తర్వాతే సార్. రెండు నెలలు వేసినప్పుడల్లా విన్నాను.